మూత్రపిండ రోగికి చేప పథ్యమేనా?

మృగశిర కార్తెనాడు మా బేగంబజారు చేపల సంతను చూడవలెను. జూన్ 7, 8 తేదీలు వచ్చిన వనగా తెల్లవాఱకమునుపే జనము క్రిక్కిఱియును. చేప తిను ఇండ్లలో ఆనాడు కొరమీనో, రవ్వయో, బొచ్చెయో వండని యిల్లు అరుదు.

గడచిన కార్తెకు మా పొరుగింటి వదినగారు కన్నీరు పెట్టుకొనిరి. ఆమె పెనిమిటికి మూత్రపిండముల శక్తి సగము సన్నగిల్లినదని వైద్యులు చెప్పి యుండిరి. "ఇంటిల్లిపాదియు తినుచుండగా ఆయన కొక్కరికి చప్పిడి మెతుకు లెట్లు పెట్టుదునమ్మా?" అని మమ్మడిగిరి. మేమును తోచక, ఆమెతో గూడ వైద్యుని కడకేగితిమి. అట తెలిసికొన్నది మీ కందఱకును పనికివచ్చునని వ్రాయుచున్నారము.

చేప నిషిద్ధము కాదు, మితమే ప్రధానము. 100 గ్రాముల చేపలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తు లుండును. డయాలిసిస్ అవసరము లేని రోగికి దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 0.8 గ్రాము చాలును. అనగా 60 కిలోల మనిషికి 48 గ్రాములు. అన్నము, పప్పు, పెరుగు సైతము ఈ లెక్కలోనివే. కావున 60, 70 గ్రాముల ముక్క యొకటి పెట్టిననాడు పప్పును తగ్గింపవలెను. డయాలిసిస్ చేయించుకొనువారి సంగతి వేఱు. రక్తశుద్ధిలో మాంసకృత్తులు కొంత పోవును గనుక, వారికి కిలోకు 1 నుండి 1.2 గ్రాముల వఱకు కావలయును.

హాని తఱచు చేపలో గాక పులుసులో నుండును. దినమంతటికి ఉప్పు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదు. ఎండుచేప, ఊఱగాయ మానవలసినవే. చింతపండు, టమాటా, కొబ్బరులలో పొటాసియము హెచ్చు. అది రక్తములో పెరిగినచో గుండెకే ముప్పు. అట్టివారికి ముక్కను వేఱుగా తీసి, అల్లము, వెల్లుల్లి, మిరియములు పట్టించి, నాలుగు చుక్కల నిమ్మరసముతో పెనముపై కాల్చి పెట్టుడు. సోడియము తక్కువయని అమ్ము ఉప్పులలో పొటాసియము కలిసియుండును. వైద్యుని అడుగక వాడకుడు. ముల్లుతో నమలు చిన్నచేపలలో భాస్వరము అధికము.

ఇక నొక ఘోరమైన మాట. రవ్వచేప పిత్తము పచ్చిగా మ్రింగిన రోగము కుదురునని వదినగారికి ఎవరో చెప్పిరట! వైద్యులు విని అదరిపడిరి. రవ్వ, బొచ్చె వంటి చేపల పిత్తము విషము. మ్రింగిన కొన్ని గంటలలో వాంతులు, విరేచనములు కలిగి, ఆరోగ్యవంతుల మూత్రపిండములు సైతము కొలది దినములలో స్తంభించును. మన దేశముననే పలువు రిట్లు ఆసుపత్రుల పాలైరి. వండినను ఆ విషము పోదు. చేప కోయించునపుడు ఆ పచ్చని తిత్తిని చిట్లకుండ తీయించి పాఱవేయింపుడు.

పథ్యమనగా మానుట యని మనలో పలువురి తలంపు; దేహమునకు తగినది యనియే దాని యర్థము. ఏది తగునో రక్తపరీక్ష చూచిన వైద్యుడు చెప్పవలెను. ఎంత తగునో తూచి పెట్టుట యిల్లాలి పని. ఆ రాత్రి వదినగారు కొరమీను ముక్క నొకదానిని తూచి కాల్చిరి. ఆయన పిల్లల నడుమ కూర్చుండి భుజించిరి.