బండి ఆగినా బరువు ఆగదు

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే రోడ్డు మీద తెల్లవారుజామున ప్రయాణం చేసేవాళ్లకు ముందు పోతున్న లారీ సరిగా కనిపించదు. హెడ్‌లైట్ల వెలుగులో బెరడు వలిచిన జామాయిల్ కట్టెల కొసలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. వందలకొద్దీ గుండ్రటి కొసలు. బండి గుంతలో పడ్డప్పుడల్లా అవన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ సర్దుకుంటాయి. వెనక బైకు మీద వస్తున్న మనిషికీ ఆ కట్టెలకూ మధ్య ఉన్న అడ్డు రెండు మూడు వరసల మోకు.

రోడ్డు పక్క హోటల్ దగ్గర బండి ఆపిన డ్రైవరు, అనుభవం ఉన్నవాడైతే, ముందు టీ చెప్పడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. మోకు మీద అరచేత్తో చరుస్తాడు. బిగువుగా ఉంటే మద్దెల మీద చెయ్యి పడ్డట్టు మోగుతుంది. వదులైతే చప్పుడు చేయకుండా లోపలికి పోతుంది.

“ఎనక మోకు జారిందిరా తమ్ముడూ, ఇంకో పట్టు పట్టు.”

“ఇందాక బాగానే బిగించినం గదన్నా!”

“ఇందాక బండి కదల్లేదు గదా!”

లోడు కట్టడంలో ఉన్న కిటుకంతా ఆ చివరి మాటలోనే ఉంది. నిలబడి ఉన్న బండి మీద ఏదైనా స్థిరంగానే కనిపిస్తుంది. జామాయిల్ కట్టె కావచ్చు, గ్రానైట్ బండ కావచ్చు, మిర్చి బస్తా కావచ్చు, షూటింగులకు వెళ్లే క్యారవాన్‌లో పక్కకు జరిగే గది కావచ్చు. చక్రం తిరగడం మొదలయ్యాక ప్రతి మలుపూ, ప్రతి బ్రేకూ, ప్రతి గుంతా ఆ కట్టును విప్పడానికే చూస్తాయి.

తెప్పల కాలం నుంచి

గోదావరి ఒడ్డున ఈ విద్య పాతదే. లారీలు రాకముందు భద్రాచలం మన్యంలో కొట్టిన టేకు, వెదురు తెప్పలుగా కట్టి నది మీద రాజమహేంద్రవరం దాకా తేల్చుకుపోయేవారు. దారిలో కట్టు విడితే దుంగలు ఏటిపాలు. ఇప్పుడు దుంగల దారి రోడ్డయింది. కట్టు విడితే పోయేది సరుకొక్కటే కాదు.

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో ఉన్న కాగితం మిల్లు 1970ల చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భద్రాచలం పేపర్ బోర్డ్స్‌గా పుట్టిన ఆ సంస్థ 2002లో ఐటీసీలో కలిసిపోయింది. మిల్లు కోసం పెంచిన ‘భద్రాచలం క్లోన్’ జామాయిల్ మొక్కలు ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల మెట్ట చేలల్లోకి, అక్కడి నుంచి ఆంధ్ర జిల్లాల్లోకి పాకాయి. జామాయిల్‌తో పాటు సుబాబుల్, సరుగుడు కూడా ఈ మిల్లుకు చేరతాయి. దీనికి తోడు మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గు, ఖమ్మం గ్రానైట్, ఖమ్మం మార్కెట్‌కు వచ్చే మిర్చి, పత్తి. విజయవాడ నుంచి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగ్దల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఇవన్నీ ఆర్టీసీ బస్సులతో, ఆటోలతో, రాములవారి దర్శనానికి వెళ్లే కార్లతో కలిసి నడుస్తాయి.

తోపుడు లెక్క

బ్రేకు వేసినప్పుడు ఆగేది బండి. దాని మీదున్న బరువుకు ఆ సంగతి తెలియదు, అప్పటిదాకా ఉన్న వేగంతోనే ముందుకు పోవాలని చూస్తుంది. అందుకే అమెరికా రవాణా నిబంధనలు లోడు కట్టుకు ఒక కొలత పెట్టాయి. సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల తోపుడు ముందువైపు వచ్చినా, సగం వంతు తోపుడు పక్కలకో వెనక్కో వచ్చినా కట్టు ఆగాలి. ఈ లెక్కన 20 టన్నుల గ్రానైట్ బండ గట్టి బ్రేకు పడితే 16 టన్నుల బలంతో క్యాబిన్ వైపు తోసుకొస్తుంది. ఇంత బరువైన రాయి ఎక్కడికి పోతుందిలే అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. రాయి ఎంత బరువైతే తోపుడూ అంతే.

మలుపుల లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఘాట్ మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిప్పితే బరువులో సగం దాకా బలం లోడును బయటివైపు నెడుతుంది. అదే మలుపును 20తో తిప్పితే ఆ నెట్టుడు నాలుగో వంతుకు పడిపోతుంది. వేగం సగం చేసుకుంటే మోకు మీద భారం ముప్పాతిక తగ్గినట్టే.

కట్టెకు ఒక తీరు, రాయికి ఒక తీరు

జామాయిల్ లోడుతో వచ్చే చిక్కు, అది దారిలో కుదించుకుపోవడం. హమాలీలు ఎంత జాగ్రత్తగా పేర్చినా కట్టెల మధ్య సందులు ఉంటాయి. నాలుగైదు గుంతలు దాటేసరికి చిన్న కట్టెలు ఆ సందుల్లోకి దిగుతాయి, లోడు ఎత్తు తగ్గుతుంది, యార్డులో బిగువుగా కట్టిన మోకు వదులవుతుంది. బెరడు వలిచిన పచ్చి కట్టె జారుడుగా కూడా ఉంటుంది. కాబట్టి మోకు ఒక్కటే చాలదు. రెండు పక్కలా గట్టి గుంజలు నిలబెట్టాలి, గుంజల ఎత్తు దాటి కట్టె పేర్చకూడదు, పై వరసలో నడుమ కట్టెలు కొద్దిగా ఎత్తుగా ఉండాలి. అప్పుడే మీదుగా వేసిన మోకు ప్రతి కట్టెనూ అదిమి పడుతుంది. నడుము పల్లంగా ఉంటే మోకు అంచు కట్టెలనే పట్టుకుంటుంది, మధ్యవి ఏ పట్టూ లేకుండా పడి ఉంటాయి.

అమెరికా నిబంధనల్లో డ్రైవరు బయల్దేరిన 80 కిలోమీటర్ల లోపే బండి ఆపి కట్టు చూసుకోవాలన్నది, ఆ తర్వాత మూడు గంటలకో 240 కిలోమీటర్లకో ఏది ముందైతే అప్పుడు మళ్లీ చూడాలన్నది ఇందుకే. మన రోడ్లకు, మన గుంతలకు ఆ మొదటి ఆగుడు ఇంకా ముందే రావాలి. టీ హోటల్ దగ్గర మోకు చరిచే డ్రైవరు చేస్తున్నది అదే.

తాడు సంగతీ తెలిసి ఉండాలి. కొబ్బరి పీచు మోకు, జనపనార తాడు వానకు తడిస్తే బిగుసుకుంటాయి, ఎండాక వదులవుతాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, బలమూ కొంత తగ్గుతుంది. ముడి పడిన చోట ఏ తాడైనా తన బలంలో దాదాపు సగం దాకా పోగొట్టుకోవచ్చు. తెగిన తాడును ముడివేసి వాడటం అంటే సగం తాడుతో పూర్తి లోడు కట్టడం. మీటతో బిగించే రాట్చెట్ బెల్టులకు ఈ ముడుల బెడద లేదు. కానీ బెల్టు వాలు పడుకున్నట్టు ఉండకూడదు. 30 డిగ్రీల వాలులో లాగిన బెల్టు తన బిగువులో సగమే లోడును కిందికి అదుముతుంది.

గ్రానైట్ కథ వేరు. అది కుదించుకోదు, జారుతుంది. ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పక్క డాలాలు లేని ట్రాలీ మీద, రాతిపొడి పరుచుకున్న ఇనుప పలక మీద ఆ బండ కూర్చుంటుంది. ఇనుము మీద రాతిపొడి అంటే గచ్చు మీద ఇసుక జల్లినట్టే. పలక ఊడ్చి, బండ కింద రబ్బరు చాపలు వేసి, నాలుగు వైపులా కదలకుండా చెక్క దిమ్మెలు బిగించి, ఆపైన గొలుసులు వేయాలి. బండ అంచు కత్తిలాంటిది. దాని మీద నేరుగా పడిన బెల్టు దారిలోనే కోసుకుపోతుంది. అంచుకూ బెల్టుకూ మధ్య పాత టైరు ముక్క పెట్టడానికి అరనిమిషం కూడా పట్టదు.

2022 డిసెంబరు 31న మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీది గ్రానైట్ రాళ్లు ఆటో మీద పడ్డాయి. ఆటోలో ఉన్న కూలీలు ముగ్గురు చనిపోయారు. 2025 జనవరి 26న వరంగల్–ఖమ్మం రోడ్డులో మామునూరు దగ్గర ఇనుము లోడు లారీ ఆటోల మీద బోల్తా పడి పలువురు వలస కార్మికులు బలయ్యారు. అదే ఏడాది నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంది. టిప్పరులోని కంకర బస్సులోకి వచ్చిపడి సీట్లలో ఉన్నవాళ్లను ఉన్నచోటే కప్పేసింది. 19 ప్రాణాలు పోయాయి. మూడు ప్రమాదాలకూ కారణాలు వేరు. మూడింటిలోనూ బరువు మనుషుల మీద పడింది.

సొరుగులాంటి గది

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే ఇంకో రకం బండి ఎదురవుతుంది. ‘పుష్ప’ లాంటి సినిమాల షూటింగులు జరిగిన ఈ అడవుల్లోకి నటీనటుల కోసం క్యారవాన్‌లు వస్తుంటాయి. ప్రయాణానికీ బసకూ ఒకే బండి అనే మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని, దాని మీదే ప్రసంగించి, దానిలోనే విశ్రమిస్తూ రాష్ట్రమంతా తిరిగారు.

ఇప్పటి పెద్ద క్యారవాన్‌లు కొన్నిటికి స్లైడౌట్ ఉంటుంది. బీరువాకు సొరుగు ఎలాగో బండికి ఇది అలాగ. బండి ఆపాక మీట నొక్కితే సోఫాతోనో మంచంతోనో సహా ఒక పక్క గోడ బయటికి జరిగి గది వెడల్పవుతుంది. అమెరికాలో 1990ల నుంచి ఇవి బాగా వ్యాపించాయి. సెలవుల్లో మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులు చూడ్డానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే.

లోపలికి తోసిన సొరుగు ఎత్తుపల్లాల్లో మెల్లగా బయటికి ఎలా వస్తుందో, తాళం సరిగా పడని స్లైడౌట్ కూడా నడిచే బండిలో అలాగే జరుగుతుంది. గదిని పట్టి ఉంచేది కరెంటు మోటారు అయితే దాని బ్రేకు అరిగిపోవచ్చు, పళ్ల చక్రాలు వదులు కావచ్చు. హైడ్రాలిక్ అయితే వాల్వు దగ్గర నూనె కారి ఒత్తిడి తగ్గొచ్చు. 300 కిలోల గది అనుకుంటే, ఇందాకటి మలుపులో 40 వేగం దగ్గర అది 150 కిలోల బలంతో బయటికి తోసుకుంటుంది. మొదట వేలెడు సందు వస్తుంది. సందులోంచి గాలి, వాన, దుమ్ము వస్తాయి. రబ్బరు అంచు చిరుగుతుంది. ఆ తర్వాత ఎదురుగా వచ్చే బస్సుకు తగిలే ప్రమాదం వస్తుంది.

అందుకే మోటారును మాత్రమే నమ్ముకోకూడదు. గది పూర్తిగా లోపలికి వచ్చిందో లేదో బయటి నుంచి కంటితో చూడాలి. నాలుగు వైపులా రబ్బరు అంచు గోడకు సమంగా ఆనుకోవాలి. దాని తర్వాత తయారీదారు ఇచ్చిన తాళం చేతులు గానీ, లోపల అడ్డంగా బిగించే ఇనుప కడ్డీలు గానీ పెట్టాలి. బండి ఆపాక మళ్లీ గది తెరిచేముందు వాటిని తీయడం మరిచిపోతే మోటారు తాళంతో కుస్తీ పట్టి ఏదో ఒకటి విరుగుతుంది. కాబట్టి తాళం పెట్టినట్టు గుర్తుగా ఒక ఎర్రగుడ్డ మీట దగ్గరే కట్టుకోవడం మంచిది. గది పైకప్పు మీద రాలిన కొమ్మలు, ఆకులు కూడా లోపలికి తోసేముందే ఊడ్చెయ్యాలి. అడవిలో రాత్రంతా ఆగిన బండికి ఇది తప్పనిసరి.

చట్టం ఏమంటోంది

మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు. ఆ లెక్కలో చూస్తే తెరుచుకున్న స్లైడౌట్‌కైనా, రెండు పక్కలా ఉబ్బిన పత్తి లోడుకైనా రోడ్డు మీద చోటు లేదు. ఒకప్పుడు ఇనుప కడ్డీల్లాంటివి బండి వెనక మీటరు దాకా బయటికి ఉండొచ్చని వెసులుబాటు ఉండేది. వెనక నుంచి వచ్చేవాళ్ల ప్రాణాలు తీస్తున్న ఆ వెసులుబాటును కేంద్రం 2014లో తొలగించింది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ముందుకో, వెనక్కో, పక్కలకో, పరిమితి మించిన ఎత్తులోనో లోడు బయటికి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా, ఆ లోడు దించే ఖర్చు అదనం. బరువు మించితే 20,000తో పాటు మించిన ప్రతి టన్నుకూ 2,000.

రోడ్డు మీద చలానా పడేది ఎక్కువగా బండి నడిపేవాడి చేతిలో. లోడు ఎత్తేది మాత్రం చాలాసార్లు ఇంకొకరు. టన్నుల లెక్కన కిరాయి ఇచ్చేవాళ్లు, ఇంకో నాలుగు కట్టెలు పడతాయిలే అని పేర్పించేవాళ్లు, మోకుకు పెట్టే ఖర్చును దండగ అనుకునే యజమానులు ఆ చలానాలో చాలాసార్లు కనిపించరు. కట్టు బాధ్యత యార్డులోనే మొదలు కావాలి. గుంజల ఎత్తు, మోకు వరసలు, కట్టిన మనిషి, చూసిన మనిషి ఎవరన్నది లోడు చీటీ మీదే రాయించడం ఏ యార్డుకూ భారం కాదు.

విప్పేటప్పుడు

ప్రయాణం ముగిసినంత మాత్రాన ప్రమాదం ముగియదు. దారంతా జరిగి జరిగి ఒక పక్కకు ఒరిగిన లోడును చివరికి పట్టి ఉంచేది ఆ మోకే. దాన్ని విప్పిన క్షణంలో కట్టెలు ఆ పక్కనున్న హమాలీ మీదికి దొర్లుతాయి. అందుకే తెలిసినవాళ్లు మిల్లు యార్డులో బండి చదును నేల మీద ఆపిస్తారు, దూరంగా నిలబడి లోడు ఎటు వాలిందో చూస్తారు, ఆ వైపున్న మనుషులందరినీ పంపేస్తారు. ముడి అవతలి పక్క నుంచి విప్పుతారు.

లోడు దిగాక క్లీనరు మోకు మొత్తం బారలు బారలుగా చేతుల్లోంచి జారుస్తూ చూసుకుంటాడు. గుంజకు ఒరుసుకున్న చోట పోగులు తెగి నూగులా లేచి ఉంటాయి. అంతవరకు కత్తితో కోసి పక్కన పడేసి, మిగిలింది చుట్టచుట్టి క్యాబిన్ మీదికి విసురుతాడు.