సురక్షిత వెబ్ పుటలు - స్థానిక అనువర్తనాల అనుసంధానం

బ్రౌజరులో తెరచిన సురక్షిత వెబ్ పుట, అదే కంప్యూటరులో స్థాపించబడిన మరొక ప్రోగ్రాముతో సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటును స్థానిక అనువర్తన అనుసంధానం అంటారు. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకపు టోకెన్లు వెబ్ పుటలతో పనిచేయడానికి సాధారణంగా ఇదే మార్గం. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవ కేంద్రాలు, 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కరపలో ప్రారంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థ ఈ విషయాన్ని ద్రాక్షారామం వంటి గ్రామాల ప్రజల నిత్యజీవితంలోనికి తెచ్చాయి. కౌంటరు వద్ద తరచుగా వినబడే "వేలిముద్ర పడలేదు" అన్న ఒక్క మాట వెనుక వేర్వేరు దోషాలు ఉండవచ్చును. వాటిలో కొన్నింటికి వ్రేలితో సంబంధమే లేదు.

అవసరం

ద్రాక్షారామంలోని భీమేశ్వరాలయానికి ప్రాకారాలు, వాటికి గోపురద్వారాలు ఉన్నాయి. లోనికి పోదలచినవారు ద్వారం గుండానే పోవాలి. బ్రౌజరు కూడా వెబ్ పుట చుట్టూ ఇటువంటి ప్రాకారాన్నే నిర్మిస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న సర్వరు నుండి వచ్చిన పుట మన కంప్యూటరులోని ఫైళ్ళను, పరికరాలను ఇష్టం వచ్చినట్లు వాడుకొనకుండా ఇది కాపాడుతుంది. అయితే వేలిముద్ర తీసుకొనడం వంటి పనులకు ఏదో ఒక ద్వారం తప్పనిసరి.

చరిత్ర

తొలి రోజులలో ఈ పనికి జావా ఆప్లెట్లను, ప్లగిన్లను వాడేవారు. వీటిలో భద్రతా లోపాలు ఎక్కువగా బయటపడినందున 2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ఇటువంటి ప్లగిన్లకు మద్దతును ఉపసంహరించాయి. ఆ తరువాత, కంప్యూటరులోనే ఒక చిన్న సర్వరు ప్రోగ్రామును నడిపి దానితో పుటను మాట్లాడించే పద్ధతి వ్యాపించింది. 2017లో అమలులోనికి వచ్చిన జీఎస్టీ జాలస్థలిలో డిజిటల్ సంతకానికి వాడే ఎమ్‌సైనర్ ఇందుకు ఒక ఉదాహరణ.

పనిచేసే విధానం

ప్రతి కంప్యూటరుకూ 127.0.0.1 అనే అంతర్గత చిరునామా ఉంటుంది. దీనికి పంపిన సందేశం తీగ దాటి బయటకు పోదు, తిరిగి అదే కంప్యూటరుకు చేరుతుంది. ఆధార్ ధ్రువీకరణకు వాడే వేలిముద్ర యంత్రంతోపాటు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామును స్థాపిస్తారు. ఇది పై చిరునామాలో 11100 నుండి 11120 వరకు గల పోర్టులలో ఒకదానిని తీసుకొని వేచి ఉంటుంది. వెబ్ పుట ఈ పోర్టులను వరుసగా తట్టి చూసి, బదులు వచ్చిన చోట వేలిముద్రను కోరుతుంది. ఆర్‌డీ సర్వీస్ ముద్రను గుప్తలిపిలోనికి మార్చిన తరువాతనే పుటకు అందిస్తుంది. అందువలన పుటకు అసలు వేలిముద్ర కనబడదు.

హెచ్‌టీటీపీఎస్ పుటలు సాధారణ హెచ్‌టీటీపీ చిరునామాల నుండి సమాచారం తెచ్చుకొనడాన్ని బ్రౌజర్లు అడ్డుకుంటాయి. అయితే సందేశం కంప్యూటరు దాటి పోదు కనుక 127.0.0.1 కు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మినహాయింపు ఇచ్చాయి.

భద్రత

స్థానిక సర్వరు తనను తట్టిన పుట ఏ జాలస్థలికి చెందినదో పరిశీలించకపోతే, ఏ పుట అయినా దానిని వాడుకొనగలదు. 2019 జూలైలో మ్యాక్ కంప్యూటర్లలోని జూమ్ అనువర్తనంలో ఇటువంటి లోపమే బయటపడింది. ఒక పుటను తెరచినంత మాత్రాన వాడుకరి కెమెరాతో సహా సమావేశంలో చేరిపోయే అవకాశం ఉండేది. జూమ్‌ను తొలగించినా దాని స్థానిక సర్వరు మిగిలిపోయేది.

ఇటువంటి ప్రమాదాల దృష్ట్యా 2025లో విడుదలైన క్రోమ్ 142వ సంచిక నుండి, వెబ్ పుట స్థానిక చిరునామాను తట్టబోయే ముందు వాడుకరి అనుమతిని కోరుతున్నది. తెలియక నిరాకరిస్తే, యంత్రం సక్రమంగా ఉన్నా పుటకు కనబడదు. ఆ జాలస్థలికి సంబంధించిన సెట్టింగులలో అనుమతిని మార్చిన పిమ్మట పుటను మరల తెరవాలి. పరిచయం లేని జాలస్థలికి మాత్రం ఈ అనుమతి ఇవ్వరాదు.

గ్రాఫిక్స్ డ్రైవరు ఇబ్బందులు

బ్రౌజరు పుటను తెరపై చిత్రించడానికి గ్రాఫిక్స్ చిప్పు సాయం తీసుకుంటుంది. చిప్పునకు, ఆపరేటింగ్ సిస్టమునకు నడుమ దుబాసీగా పనిచేసే ప్రోగ్రామే డ్రైవరు. ఇది పాతబడినా, చెడినా కిటికీ నల్లబడడం, తెర మిణుకుమనడం, అక్షరాలు చెదరడం జరుగుతాయి. అప్పుడు అనుమతి కోరే పెట్టె కూడా కనబడకపోవచ్చు. చూసేవారు దీనిని వేలిముద్ర యంత్రపు దోషంగా పొరబడతారు. చిప్పు రెండు సెకన్లలో స్పందించకపోతే విండోస్ తనంతట తానే డ్రైవరును తిరిగి ప్రారంభిస్తుంది. తెర క్షణకాలం నల్లబడి మరల రావడానికి ఇది ఒక కారణం.

బ్రౌజరు సెట్టింగులలో గ్రాఫిక్స్ త్వరణాన్ని ఆపి చూడడం తొలి పరీక్ష. దానితో తెర కుదుటపడితే దోషం చాలావరకు డ్రైవరుదే. కంప్యూటరు తయారీదారు జాలస్థలి నుండి సరియైన డ్రైవరును తెచ్చి స్థాపించాలి.

దోషాన్ని గుర్తించడం

తెరపై వచ్చే దోష సంఖ్యను బట్టి కారణాన్ని వేరు చేయవచ్చును.

* బదులే లేకపోవడం: ఆర్‌డీ సర్వీస్ నడవడం లేదు, లేదా బ్రౌజరు అనుమతి లేదు.
* 720: యంత్రం సిద్ధంగా లేదు. తీగను, డ్రైవరును పరిశీలించాలి.
* 700: నిర్ణీత సమయంలో ముద్ర అందలేదు.
* 300: ముద్ర ఆధార్ కేంద్రానికి చేరింది, కానీ అక్కడి వివరాలతో సరిపోలలేదు.

వరినాట్లు, కొబ్బరిపీచు పనులు చేసేవారికి వ్రేళ్ళ గీతలు అరిగిపోవడం సహజం. వారికి 300 వచ్చినప్పుడు మరొక వ్రేలు, లేదా కంటిపాప, ఓటీపీ వంటి ఇతర పద్ధతులు అవసరమవుతాయి. మొదటి రెండు సందర్భాలలో మాత్రం లోపం కంప్యూటరు వైపే ఉన్నది. సంఖ్యను చూడకుండా వృద్ధులను "మీ వ్రేళ్ళు అరిగిపోయాయి" అని త్రిప్పి పంపడం తగదు. వచ్చిన సంఖ్యను కాగితంపై వ్రాసుకొనడం వారికీ, యంత్రాన్ని బాగుచేసేవారికీ ఉపయోగకరం.

ఇవి కూడా చూడండి

* ఆధార్
* మీసేవ
* డిజిటల్ సంతకం
* ద్రాక్షారామం