డీజే చేతిలో ఏం మిగిలింది?

కామవరపుకోట మెట్టలో పెళ్లి ఊరేగింపంటే ఒకప్పుడు సన్నాయి మేళం, ఆ తర్వాత బ్యాండు మేళం. ఇప్పుడు డీజే. ట్రక్కు మీద వరసగా పేర్చిన బాక్సులు, వెనక జనరేటరు, గిరగిరా తిరిగే లైట్లు, వీటన్నిటి మధ్య ల్యాప్‌టాప్ ముందు ఓ కుర్రాడు. కింద ఎగిరేవాళ్లకి అతని మొహం సరిగ్గా కనపడదు కూడా. పాటకీ పాటకీ మధ్య దరువు తెగితే మాత్రం కాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఆ దరువు తెగకుండా రెండు పాటల్ని అతకడాన్ని బీట్ మ్యాచింగ్ అంటారు. పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలు అన్న లెక్కలో, అంటే బీపీఎంలో చూస్తారు. నడుస్తున్న పాట 124, రాబోయేది 126 అనుకుందాం. విడివిడిగా వింటే తేడా తెలీదు. రెండూ ఒకేసారి కలిపి వదిలేస్తే పావు నిమిషం తిరిగేసరికి ఒకదాని దెబ్బ రెండోదాని దెబ్బల నడుమ పడుతుంది. ఎగిరేవాడికి ఏ దెబ్బకి కాలు వెయ్యాలో తోచదు. గుంపు మధ్యలో ఖాళీ ఏర్పడేది అప్పుడే.

ఈ విద్యకు ఆద్యుడిగా న్యూయార్క్ డీజే ఫ్రాన్సిస్ గ్రాసోను చెబుతారు. 1960ల చివర్లోనే ఆయన క్లబ్బుల్లో రెండు గ్రామఫోను రికార్డుల దరువులు కలిపి చూపించాడు. 1972లో జపాన్ కంపెనీ మత్సుషితా టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ తెచ్చింది. 1979లో వచ్చిన దాని రెండో రకానికి వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ జరిపే మీట ఒకటి పెట్టారు. ఇక మరో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అయితే దరువు ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి రికార్డు మీదే క్రేయాన్‌తో గుర్తులు గీసుకునేవాడు. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవి హాల్లోని మోతకి, వేలు మీట మీద. అలా ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని చెయ్యి కుదిరేది కాదు.

ఇప్పుడు ఆ పని సింక్ అనే ఒక్క బటన్ చేస్తుంది. సాఫ్ట్‌వేర్ పాట మొత్తాన్ని ముందే కొలిచి, దెబ్బ దెబ్బకీ గీత గీసి పెట్టుకుంటుంది. బటన్ నొక్కగానే రెండు పాటల గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. చెవితో నేర్చుకున్న పాతకాలం డీజేలకి ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. కొత్తవాళ్లు మాత్రం మిషన్ చేసే పనికి మనిషెందుకని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. చిక్కల్లా, ఆ మిషన్ మన పాటల దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది.

గోదావరి గట్టున కొవ్వూరులో పుట్టిన కీరవాణి స్వరపరచి, 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’నే తీసుకోండి. అది తిశ్రగతి పాట. అంటే ఒక్కో దెబ్బ లోపల మూడు అక్షరాలు నడుస్తాయి. మామూలు క్లబ్బు పాట చతురశ్రం, దెబ్బకి నాలుగు. రెండింటి వేగం సమానం చేసినా పెద్ద దెబ్బలు కలుస్తాయేగాని లోపలి చిన్న దెబ్బలు కొట్టుకుంటాయి. పైగా తిశ్రం పాటల్ని కొలవడంలోనే సాఫ్ట్‌వేర్ తరచూ పొరబడుతుంది. 100 ఉన్న పాటని 150గా చూపించడం మామూలే. మూడేసి అక్షరాల్ని రెండేసిగా లెక్కపెట్టడం వల్ల వచ్చే తంటా అది. స్క్రీన్ మీద అంకెని నమ్మి సింక్ నొక్కినవాడి గతి చెప్పక్కర్లేదు. అనుభవం ఉన్నవాడు అక్కడ కలపడు. దరువు ఆపి, పల్లవి మాట ఒక్కటి ఒంటరిగా వదిలి, జనం కేక పెట్టగానే కొత్త దరువు మొదలుపెడతాడు. కొలతలో చూస్తే అది మిక్సింగే కాదు. ఊరేగింపులో మాత్రం జనం మెచ్చేది దాన్నే.

పాత పాటలతో ఇంకో గొడవ. 1977 నాటి ‘యమగోల’లో చక్రవర్తి బాణీ కట్టిన ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ని 2007లో ‘యమదొంగ’ కోసం మళ్లీ చేశారు. తాత ఎన్టీఆర్ పాట, మనవడి సినిమా. కొత్తది మిషన్ కాలానికి తగ్గట్టు వచ్చింది కాబట్టి అతకడం తేలిక. పాతకాలం పాటని మద్రాసు స్టూడియోలో వాద్యగాళ్లంతా కలిసి వాయించారు. మనుషుల చేతులు గనక చరణంలో ఒకలా, పల్లవికి వచ్చేసరికి ఇంకోలా వేగం కాస్త మారుతుంది. సాఫ్ట్‌వేర్ గీసిన గీతలు కొన్ని క్షణాలకే పక్కకి జరిగిపోతాయి. తాతగారి పాట మీద మనవడి పాట పడాలంటే చెయ్యి చక్రం మీద పెట్టి, చెవితో వింటూ, వెనక్కీ ముందుకీ నెట్టుకోవాల్సిందే. పక్కన డప్పులు కూడా ఉంటే పరీక్ష ఇంకా పెద్దది. ఊపు వచ్చేకొద్దీ డప్పులవాళ్లు వేగం పెంచుతారు, వాళ్లకి సింక్ బటన్ ఉండదు.

శ్రుతి సంగతీ చూడాలి. రికార్డు వేగం సుమారు 6 శాతం పెంచితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. బాలు గొంతు బాలు గొంతులా ఉండదు. కీ లాక్ అనే సదుపాయం శ్రుతిని కదలకుండా పట్టి ఉంచుతుంది గానీ, వేగం మరీ మారిస్తే గొంతు గరగరలాడుతుంది.

ఇంతటి నిక్కచ్చితనం అవసరమే లేదని నిరూపించినవాళ్లూ ఉన్నారు. 1970 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో తన ఇంట్లోనే ‘ది లాఫ్ట్’ పార్టీలు మొదలుపెట్టిన డేవిడ్ మంకూసో కొంతకాలానికి మిక్సింగ్ పూర్తిగా మానేశాడు. ఒక్కో రికార్డునీ మొదట్నుంచి చివరిదాకా వినిపించేవాడు. ఆ పార్టీలకు వెళ్తూ ఎదిగిన లారీ లెవాన్, ప్యారడైజ్ గ్యారేజ్‌లో ఒక పాట నచ్చితే అదే పాట మళ్లీ మళ్లీ వేసేవాడు. అతుకులు కొన్నిసార్లు మొరటుగా ఉండేవి, అయినా ఆ క్లబ్బు పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇటు ఆరు నిమిషాల్లో చేతివాటమంతా చూపించాల్సిన డీఎంసీ ప్రపంచ డీజే పోటీలు ఉన్నాయి. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఓటమే.

మన ఊరేగింపు ఈ రెంటికీ చెందదు. క్లబ్బుకి ఒక రకం శ్రోతలు వస్తారు. ఊరేగింపులో మూడు తరాలు ఒకే వీధిలో నడుస్తాయి. తాతకి ఎన్టీఆర్, అక్కినేని పాటలు కావాలి, మనవడికి నిన్న విడుదలైన మాస్ పాట కావాలి. వీటికి తోడు అభిమాన సంఘాలు. చిరంజీవికీ ప్రభాస్ కుటుంబానికీ మూలం ఒకే మొగల్తూరు అయిన జిల్లాల్లో ఏ హీరో పాట ముందు వెయ్యాలి, ఎవరి పాట తర్వాత ఎవరిది రావాలి అన్నది చిన్న విషయం కాదు. వరస తప్పితే ట్రక్కు దగ్గరికి నలుగురు వచ్చి నిలబడతారు. కొల్లేటి లంకల్లో అయినా, తాడేపల్లిగూడెం వీధుల్లో అయినా డీజే సొంత ముద్ర బయటపడేది ఈ వరస కట్టడంలోనే. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కొలవలేదు.

నిజానికి ఆ ముద్రే ఇప్పుడు కరువైంది. సైరన్ మోత, పది క్షణాలకోసారి తన పేరు అరిపించుకోవడం, ఎవరో చేసిపెట్టిన రీమిక్స్‌ని ఇంటర్నెట్ నుంచి దింపుకుని వెయ్యడం. దాన్నే స్టైల్ అంటున్నారు. అతుకు మిషన్ వేసింది, పాట ఇంకొకరు చేశారు, ఇక ఇతను చేసిందేమిటి? లయ తెలిసినవాడు కావాలని దరువు తెంచితే అది స్టైల్. తెలియనివాడి చేతిలో తెగితే తప్పు. వినేవాడికి ఈ తేడా పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

పనితనం తగ్గినచోట మోత పెరిగింది. డీజేల పోటీ ఇప్పుడు బాక్సుల లెక్క మీదే ఎక్కువ. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదనీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదనీ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను ఏకంగా నిషేధించారు. మిక్సింగ్ బాగోలేదని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, గుండెలదిరే మోత గురించే చేశారు.

కాబట్టి పెళ్లికి డీజే మాట్లాడుకునేవాళ్లు ‘బాక్సులు ఎన్ని?’ అని అడిగే ముందు, అతను ఏదైనా ఊరేగింపులో వేసిన పావుగంట రికార్డింగు పెట్టమని అడగండి. పాత పాట నుంచి కొత్త పాటకి మారే చోట చెవి పెట్టి వినండి. ఇంట్లో పెద్దవాళ్లు కోరే పాటల చీటీ ముందే ఇవ్వండి. రాత్రి పదింటికి ఆపెయ్యాలన్న మాట అడ్వాన్సు చేతిలో పెట్టేటప్పుడే చెప్పండి.