మీకు తెలుసా? ఎడ్మంటన్ కంట చైనా, చైనా కంట కెనడా

పసిఫిక్ రైలుమార్గం వేయడానికి కెనడా వేలమంది చైనా కూలీలను రప్పించుకుంది. ఆ పని ముగిసిన 1885లోనే చైనా నుంచి వచ్చేవారి మీద 50 డాలర్ల తలపన్ను వేసింది. 1903 నాటికి అది 500 డాలర్లకు చేరింది. మరే దేశం వాళ్లకూ ఈ పన్ను లేదు. 1923లో జూలై 1న, సరిగ్గా దేశమంతా కెనడా ఆవిర్భావ పండుగ చేసుకునే రోజున, చైనీయుల రాకనే దాదాపు నిషేధించారు. అక్కడి చైనీయులు ఆ తేదీని అవమాన దినంగా పాటించారు. నిషేధం 1947 దాకా సాగింది.

అది అమల్లో ఉండగానే, 1929లో, అల్బెర్టా రాష్ట్రంలోని కాల్గరీలో కిరాణా కొట్టు నడుపుకునే చైనా దంపతులకు నార్మన్ క్వాంగ్ పుట్టాడు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే కెనడా ఫుట్‌బాల్‌లో మేటి అయ్యాడు. అదే రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్ జట్టు 1954, 1955, 1956లలో వరుసగా ఆ ఆటలో దేశ విజేతకిచ్చే గ్రే కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. అభిమానులు ముద్దుగా ‘చైనా క్లిప్పర్’ (క్లిప్పర్ అంటే వేగంగా సాగే తెరచాప ఓడ) అన్నారు. ముద్దు నిజమే. కానీ అక్కడే పుట్టి పెరిగినవాణ్ని కూడా ముందు చైనావాడిగానే చూశారన్నదీ నిజమే, అది నన్ను బాధిస్తుంది. 2005లో ఆయనే అల్బెర్టా లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. మరుసటి ఏడాది జూన్ 22న ప్రధాని స్టీఫెన్ హార్పర్ తలపన్నుకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఎడ్మంటన్‌వాసులు తమ ఊరి వంటకమని చెప్పుకునేది ఉల్లికాడల రొట్టె. పొరలు పొరలుగా, మన పరోటాకు దగ్గరి చుట్టం. దాన్ని అక్కడ అలవాటు చేసింది చైనా వంటవాళ్లే.

మరి చైనా కంట కెనడా? అక్కడ చాలామందికి ముందు గుర్తొచ్చేది కెనడా డాక్టర్ నార్మన్ బెత్యూన్. చైనా సైనికులకు శస్త్రచికిత్సలు చేస్తూ 1939లో అక్కడే మరణించారు. మావో ఆయన మీద రాసిన వ్యాసాన్ని తరాల తరబడి చైనా పిల్లలు చదివారు. బెత్యూన్ పేరిట పెట్టిన ఆసుపత్రికి తొలి సంచాలకుడు మన షోలాపూర్ డాక్టర్ కోట్నీస్!

కానీ 2018 డిసెంబరులో కెనడా వాంకూవర్‌లో చైనా టెలికాం సంస్థ హువావే అధికారిణి మెంగ్ వాన్‌జౌను అరెస్టు చేసినప్పుడు ఆ ఆదరణ అక్కరకు రాలేదు. చైనా ఇద్దరు కెనడియన్లను నిర్బంధించింది. 2019లో పురుగులున్నాయంటూ కెనడా పెద్ద ఎగుమతిదారుల కనోలా నూనెగింజలను ఆపేసింది. దెబ్బ అల్బెర్టా రైతుల దాకా వచ్చింది. నిర్బంధంలో ఉన్నవారు 2021 సెప్టెంబరులో విడుదలయ్యారు. కనోలాకు దారి తెరుచుకున్నది 2022లో.

మళ్లీ ఎడ్మంటన్‌కే వస్తే, అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషుతోపాటు మాండరిన్‌లో పాఠాలు చెప్పడం 1982లోనే మొదలైంది. ఆ గొడవ నడిచిన ఏళ్లలోనూ ఆ తరగతులు ఆగలేదు.