కుక్కపిల్ల కడుపులో పురుగులు: అపోహలు – వాస్తవాలు

2023లో నగరపాలక సంస్థ బీబీఎంపీ తీసిన లెక్క ప్రకారం బెంగళూరు వీధికుక్కలు సుమారు 2.79 లక్షలు. మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో సెల్లార్లో ఈనిన కుక్క పిల్లల్లో ఒకదాన్ని మనవాళ్ళు ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటారు. పేరు పెడతారు, పాలు పడతారు. కొన్నాళ్ళకు పొట్ట బానలా ఉబ్బుతుంది, వీపున ఎముకలు తేలతాయి. అప్పుడు తలా ఒక సలహా ఇస్తారు. ఆ సలహాల్లో కొన్ని పిల్ల ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: గడప దాటని పిల్లకు పురుగులెక్కడివి?

తల్లి నుంచే వస్తాయి. టాక్సోకారా కానిస్ అనే ఏలికపాము లార్వాలు తల్లి కండరాల్లో ఎంతో కాలం కదలకుండా పడి ఉంటాయి. చూలు ఆరు వారాలు నిండేసరికి వాటిలో చలనం వచ్చి, మాయ గుండా కడుపులోని పిల్లల్లోకి చేరతాయి. పుట్టాక తల్లిపాలతో మరికొన్ని వెళ్తాయి. అందుకే ఈమధ్యే కళ్ళు తెరిచిన మూడు వారాల పిల్ల పేగుల్లో కూడా ఎదిగిన పురుగులు ఉండొచ్చు. రక్తం తాగే కొంకిపురుగులు కూడా పాల దారినే వస్తాయి. తల్లికి ముందే డీవార్మింగ్ చేయించామన్నా భరోసా లేదు. కండరాల్లో దాగిన లార్వాల మీద మామూలు మందు పనిచేయదు. వేలు పోసి కొన్న ల్యాబ్రడార్ పిల్లకైనా వీధిలో దొరికిన ఇండీ పిల్లకైనా ఇదే కథ. పెంచేవాళ్ళ శుభ్రతను తప్పుపట్టాల్సిన పని లేదు.

అపోహ: మలంలో పురుగులు కనబడితేనే మందు వేయాలి.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పురుగుల గుడ్లు కంటికి ఆనవు, మైక్రోస్కోపు కింద చూడాలి. ఇంకా ఎదగని పురుగులు గుడ్లే పెట్టవు కాబట్టి మల పరీక్షలో ఏమీ తేలకపోయినా పురుగులు లేవని కాదు. ఇంట్లో మీరు చూడగలిగింది ఒకటుంది. పిల్ల పైపెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపే మళ్ళీ ఎర్రబడాలి. చిగుళ్ళు పాలిపోయి, మలం తారులా నల్లగా పడుతుంటే కొంకిపురుగులు రక్తం పీల్చేస్తున్నాయేమోనని అనుమానించాలి. సిరప్ పోసి తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు. హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో దగ్గర్లోని క్లినిక్‌కో వెంటనే తీసుకెళ్ళాలి. ఒక్కోసారి రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

అపోహ: ఒక్క డోసు వేస్తే పీడ విరగడవుతుంది.

కుక్కపిల్లలకు సాధారణంగా ఇచ్చే పైరాంటెల్ మందు పేగుల్లో ఉన్న పురుగుల మీదే పనిచేస్తుంది. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిరుగుతున్న లార్వాలు తప్పించుకుంటాయి. అవి దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగుల్లోకి దిగి, అక్కడ ఎదుగుతాయి. అందుకే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాల వయసులో మందు పడాలి. ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకొకసారి. పిల్లల మలాన్ని తల్లి నాకి శుభ్రం చేస్తుంది కాబట్టి తల్లికీ వాటితోపాటే వేయించాలి. ప్రతిసారీ పిల్లను తూచాలి. ఈ వయసులో బరువు వేగంగా పెరుగుతుంది, పాత కొలత చాలదు.

మందు వేసిన మర్నాడు పొడవాటి తెల్లటి పురుగులు పడితే ‘మందు వికటించింది’ అని మానేసేవాళ్ళున్నారు. మందు పనిచేసిందనడానికి గుర్తే అది. పిల్ల వాంతులు చేసుకుంటూ నీరసించిపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: వెల్లుల్లి, వేపాకు చాలు. లేదంటే పిల్లలకు బళ్ళో ఇచ్చే మాత్రలో సగం.

వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. కొంకిపురుగులతో ఇప్పటికే రక్తం తగ్గిన పిల్లకు వెల్లుల్లి రసం పట్టడమంటే ఉన్న రక్తాన్నీ తీయడమే. వేపాకు పసరు ఏలికపాములను తుడిచిపెట్టదు. ఇక జాతీయ నులిపురుగుల నివారణ దినాన బళ్ళో పంచే ఆల్బెండజోల్ మాత్ర మనుషుల కొలతతో చేసింది. కుక్కల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

అపోహ: బెల్లం, తీపి తింటే పురుగులు పుడతాయి.

పుట్టవు. అలాగని తీపి పెట్టమనీ కాదు.

అపోహ: పిర్రలు నేలకు రాస్తే పురుగులే.

చాలాసార్లు మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండిపోవడమే కారణం. తోక కింద బియ్యపుగింజలంత ముక్కలు అంటుకుని ఉంటే మాత్రం అవి బద్దెపురుగువి. పైరాంటెల్‌కు ఇవి లొంగవు, ప్రాజిక్వాంటెల్ కావాలి. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ బొచ్చులోని ఫ్లీలనే చిన్న కీటకాలను మింగినప్పుడు ఈ పురుగు కడుపులో చేరుతుంది. ఫ్లీలను వదిలించకపోతే మందు ఎన్నిసార్లు వేసినా ఇది మళ్ళీ వస్తుంది.

అపోహ: కుక్కపిల్లను ముట్టుకుంటే పిల్లలకు పురుగులు వస్తాయి.

పిల్లల్లో రాత్రిళ్ళు దురద పెట్టే సన్నటి నులిపురుగులు మనిషి నుంచి మనిషికి వచ్చేవే, కుక్కకు సంబంధం లేదు. కుక్క ఏలికపాము గుడ్లు మనిషి కడుపులో పడితే ప్రమాదం నిజమే. లార్వాలు కాలేయానికో కంటికో చేరొచ్చు. అయితే అప్పుడే పడిన మలంలోని గుడ్లు జబ్బును అంటించవు. వాటిలో లార్వా తయారవడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. ఆ తర్వాత నీడపట్టున, తడి మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మామూలు ఫినాయిల్‌తో చావవు. బెంగళూరు చల్లదనం, వానలు వాటికి అనుకూలం. కాబట్టి మలాన్ని ఏ రోజుది ఆ రోజే ఎత్తేయాలి, పిల్లలు ఆడే ఇసుకగుంట మీద రాత్రిపూట మూత వేయాలి, మట్టిలో ఆడొచ్చాక సబ్బుతో చేతులు కడిగించాలి.