మర్రిగూడ ఎరిగిన ఫ్లోరిన్ సెల్‌ఫోన్ తెరలోనూ ఉంది

మర్రిగూడ: ఫ్లోరిన్ అంటే ఏమిటో ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఏళ్ళ తరబడి బావినీళ్ళు, బోరునీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవారు, నడుము వంగినవారు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అదే ఫ్లోరిన్ చాలా టీవీ, సెల్‌ఫోన్ తెరల్లో మేలుచేసే పని చేస్తోంది. అక్కడ అది ఉండేది ద్రవ స్ఫటికం అనే పదార్థంలో.

ఉప్పు కల్లు, కలకండ స్ఫటికాలు. వాటిలో అణువులు వరుస తప్పకుండా నిలిచి ఉంటాయి. నీటిలో వరుసంటూ ఉండదు. ద్రవ స్ఫటికం ఈ రెండింటికీ నడిమి స్థితి. నీళ్ళలా పారుతుంది, కాని అణువుల వరుస కొంత మిగిలే ఉంటుంది.

బడి ప్రార్థనలో పిల్లలు గీసిన గీతల మీద కదలకుండా నిలబడితే అది ఘనం. బడి విడిచిన గంట కొట్టాక ద్రవం. చోటు మారుతున్నా అందరూ జెండా వైపే ముఖం పెట్టి ఉంటే అది నెమాటిక్ దశ. వరుసలు కలిసిపోకుండా ఎవరి వరుసలో వారు జరుగుతుంటే స్మెక్టిక్ దశ. పొర పొరకూ కొద్దికొద్దిగా దిక్కు మారుతూ చార్మినార్ మెట్లలా చుట్టుకుపోతే కొలెస్టరిక్ దశ.

దీని గుట్టు 1888లో బయటపడింది. ప్రేగ్ నగరంలో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ రైనిట్జర్ కొలెస్టరాల్ నుంచి చేసిన ఒక పదార్థాన్ని వేడిచేశారు. సుమారు 145 డిగ్రీల వద్ద అది మబ్బుగా కరిగింది. 179 డిగ్రీల దరిదాపుల్లో తేటపడింది. ఒకే వస్తువు రెండుసార్లు కరిగినట్టయింది. పుల్లల వంటి అణువులే కాక, పళ్ళేల వంటి అణువులు కూడా దొంతరలుగా పేరుకుని ద్రవ స్ఫటికం అవుతాయని 1977లో చాటింది మన దేశమే. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు దీనిని కనుగొన్నారు.

కొద్దిపాటి కరెంటు తగిలితే చాలు, ఈ అణువులు దిక్కు మార్చుకుంటాయి. దానితో వెలుతురు దాటడమో ఆగడమో జరుగుతుంది. ఆగినచోట నల్లని అంకె కనబడుతుంది. కరెంటు మీటరులో, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరులో జరిగేది ఇదే. తనంత తాను వెలగదు కనుకనే చిన్న బ్యాటరీతో చేతిగడియారం ఏళ్ళపాటు నడుస్తుంది. వేడి మరీ ముదిరితే వరుస చెదిరి మామూలు ద్రవమవుతుంది. మండుటెండలో వదిలిన కాలిక్యులేటర్ తెర నల్లబడేది అందుకే. నీడలో చల్లారితే సాధారణంగా మళ్ళీ అంకెలు వస్తాయి.

ఫ్లోరిన్ చేరిన అణువు కరెంటుకు చురుగ్గా స్పందిస్తుంది, త్వరగా చెడిపోదు. అక్కడ ఫ్లోరిన్ కార్బన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. బోరునీటిలోది అలా కాదు. విడిగా కరిగి ఉండి, ఒంట్లోకి చేరి ఎముకను పట్టుకుంటుంది. కనుక తెరను చూసి భయపడనక్కరలేదు. తెర పగిలి లోపలి ద్రవం కారితే మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

జాగ్రత్త పడవలసింది నీటి దగ్గరే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు తాగునీటికి పనికిరాదు. కాచినంత మాత్రాన అది పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కుళాయి ఉన్న ఇంట తాగడానికే కాదు, వంటకూ ఆ నీరే వాడుకోవాలి.