ఆకలి నగరానికి ఊపిరిపోసిన గొంతు

1941-42 శీతకాలం. లెనిన్‌గ్రాడ్ నగరంలో విద్యుత్తు లేదు, నీరు లేదు. ట్రాములు నడుస్తున్నచోటే మంచులో కూరుకుపోయి నిలిచిపోయాయి. బయటి ప్రపంచంతో మనిషిని కలిపే సాధనం ఇంట్లో ఒక్కటే మిగిలింది: గోడకు తగిలించిన చిన్న లౌడ్‌స్పీకరు. యుద్ధం మొదలవగానే సొంత రేడియో సెట్లను ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. తీగల ద్వారా ప్రసారం అందుకొనే ఈ పెట్టెలు మాత్రం ఉండిపోయాయి. కార్యక్రమాలు లేని వేళల్లో వాటిలోనుంచి మెట్రోనోమ్ చప్పుడు వినిపించేది. నిదానంగా కొట్టుకొంటే ప్రమాదం లేదని, వేగం పుంజుకొంటే శత్రువిమానాలు వస్తున్నాయని అర్థం. ఆ చప్పుడు ఆగి ఒక స్త్రీ కంఠం పలికే ఘడియ కోసం వేలాదిమంది చలిలో, చీకటిలో ఎదురుచూసేవారు.

ఆ కంఠం ఓల్గా బెర్గోల్ట్స్‌ది. అప్పటికి ఆమెకు ముప్పైయొక్క సంవత్సరాలు. ఏ రాజ్యం తరఫున ఆమె ప్రజలకు ధైర్యం చెబుతున్నదో, ఆ రాజ్యమే మూడేళ్ళ క్రితం ఆమెను చెరసాలలో పెట్టిందన్న సంగతి శ్రోతలలో ఎందరికి తెలుసు?

వైద్యుని కుమార్తె

ఓల్గా 1910 మే 16న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించింది. తండ్రి ఫ్యోదర్ శస్త్రచికిత్సా వైద్యుడు. ఇంటిపేరు జర్మన్ భాషది. ఆ పేరే తరువాత ఆ కుటుంబానికి శాపమైంది. అంతర్యుద్ధ కాలంలో తల్లి, చెల్లెలితో కలిసి ఓల్గా వోల్గా నదీతీరాన ఉన్న ఉగ్లిచ్ పట్టణంలో ఒక మఠం గదిలో తలదాచుకొంది. తిరిగివచ్చాక కార్మికవాడలో పెరిగింది. విప్లవాన్ని మనసారా నమ్మింది. యువ రచయితల బృందంలో పరిచయమైన కవి బొరీస్ కొర్నీలవ్‌ను పెళ్ళాడింది. ఆ దాంపత్యం ఎంతోకాలం నిలువలేదు. 1930లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, కజకిస్తాన్‌లో పత్రికా విలేఖరిగా పనిచేసింది. సాహిత్య విద్యార్థి నికొలాయ్ మొల్చానవ్ ఆమెకు రెండవ భర్త అయ్యాడు.

ఆ తరువాత దెబ్బమీద దెబ్బ తగిలింది. చిన్న కూతురు మాయ ఏడాది నిండకుండానే కన్నుమూసింది. పెద్దకూతురు ఇరీనా 1936లో మరణించింది. 1938 ఫిబ్రవరిలో కొర్నీలవ్‌ను కాల్చిచంపారు. అదే ఏడాది డిసెంబరులో, 'ప్రజాశత్రువుల'తో సంబంధాలున్నాయన్న నెపంతో గర్భవతియైన ఓల్గాను అరెస్టు చేశారు. జైలులోనే ఆమె గర్భశోకం అనుభవించింది. ఆపైన ఆమెకు బిడ్డలు కలుగలేదు. ఆరు నెలలకు పైగా నిర్బంధించి, 1939 జూలైలో నిర్దోషి అని విడిచిపెట్టారు. స్వాధీనం చేసుకొన్న దినచర్య పుస్తకాలను తిరిగి ఇచ్చినప్పుడు, వాటి పుటలలో విచారణాధికారి పెట్టిన గుర్తులున్నాయి. తన అంతరంగంలో పరాయివాడు పెన్సిలుతో నడిచిన ఆ అవమానాన్ని ఆమె జీవితాంతం మరువలేదు. అయినా దినచర్య రాయడం మానలేదు.

రేడియో భవనంలో

1941 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌కు భూమార్గాలన్నీ మూసివేశాయి. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. లోపల చిక్కుకొన్నవారు దాదాపు పాతిక లక్షల మంది. నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు ఉద్యోగులకు, పిల్లలకు, ఇంటిపట్టున ఉండేవారికి రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. అందులోనూ పిండికి బదులు కలిపిన ఇతర పదార్థాలు ఎన్నో. మృతుల సంఖ్యపై అంచనాలు ఆరు లక్షలకు పైనుండి పది లక్షల దాకా ఉన్నాయి.

ఓల్గా రేడియో సంఘంలో చేరింది. సెప్టెంబరులో, ఏళ్ళ తరబడి ప్రచురణకు దూరమైన మహాకవయిత్రి అన్నా అఖ్మతోవా రేడియోలో నగర స్త్రీలనుద్దేశించి ప్రసంగించినప్పుడు, ఆ ప్రసంగాన్ని కాగితంపై పెట్టింది ఓల్గాయే. తన వంతు వచ్చినప్పుడు ఆమె వీరగర్జనలు చేయలేదు. పక్కింటి స్త్రీతో మాట్లాడినట్లు మాట్లాడింది. డిసెంబరులో రాసిన ఒక కవిత అచ్చంగా పొరుగింటి ఆడమనిషితో జరిపిన సంభాషణే. ఆకలిని ఆకలి అనే అన్నది, చావును చావు అనే అన్నది. శ్రోతలకు కావలసినది ఆ నిజమే. తమ బాధను ఎరిగిన మనిషి, తమతోపాటే ఆ కొద్దిపాటి రొట్టె తింటున్న మనిషి, ఇంకా మాట్లాడగలుగుతున్నదంటే తామూ మరొక రోజు బతకవచ్చునన్న నమ్మకం వారికి కలిగింది. విద్యుత్తు చాలక జనవరిలో అనేక వాడల్లో రేడియో మూగబోయినప్పుడు, నడవలేని స్థితిలో ఉన్నవారు సైతం రేడియో భవనానికి వచ్చి కారణం అడిగారు.

1942 జనవరి 29న భర్త మొల్చానవ్ ఆకలితో, వ్యాధితో ఆసుపత్రిలో మరణించాడు. కొద్ది వారాలకే ఆమె 'ఫిబ్రవరి దినచర్య' అనే దీర్ఘకవితను పూర్తిచేసి రేడియోలో చదివింది. అందులోని దుఃఖం అరువు తెచ్చుకొన్నది కాదని వినేవారికి వేరే చెప్పవలసిన పనిలేదు.

మాస్కోలో మౌనం

మార్చిలో ఆకలితో శుష్కించిన ఓల్గాను విమానంలో మాస్కోకు తరలించారు. అక్కడ తిండి ఉంది, వెచ్చదనం ఉంది, లేనిది నిజం. లెనిన్‌గ్రాడ్ ప్రజల ధీరత్వాన్ని ఎంతైనా కీర్తించవచ్చు గాని, వారి ఆకలిని గూర్చి మాత్రం రేడియోలో చెప్పరాదు. ఈ ఆంక్షకు మండిపడి ఆమె దినచర్యలో తన ఆగ్రహమంతా రాసుకొంది. ఆ మార్చిలోనే, నగరంలో రోగులకు చికిత్స చేస్తున్న ఆమె తండ్రిని జర్మన్ ఇంటిపేరు కారణంగా సైబీరియాలోని మినుసిన్‌స్క్‌కు పంపివేశారు. నగరమంతటికీ ఊరట కలిగించిన కూతురి పలుకుబడి కన్నతండ్రికి అక్కరకు రాలేదు. యుద్ధానంతరం తిరిగివచ్చిన ఆయన 1948లో కన్నుమూశాడు.

మాస్కోలో సురక్షితంగా ఉండిపోయే అవకాశం ఉన్నా ఓల్గా ఏప్రిల్‌లో ముట్టడిలోకే తిరిగివచ్చింది. ఆగస్టు 9న రేడియో వాద్యబృందం షొస్తకోవిచ్ ఏడవ సింఫనీని నగరంలో వినిపించింది. 1944 జనవరి 27న ముట్టడి పూర్తిగా తొలగేవరకు ఆమె మైకు ముందే ఉంది.

కొలువుదీరిన సత్కారం, కొలవలేని భయం

1946లో అఖ్మతోవాపై పార్టీ నిందాతీర్మానం చేసినప్పుడు, ముఖం చాటువేసినవారే ఎక్కువ. ఓల్గా ఆమె స్నేహాన్ని వదలక విమర్శలకు గురియైంది. అదే ఏడాది ఆమె రేడియో ప్రసంగాలు పుస్తకరూపంలో వెలువడ్డాయి. 1949లో లెనిన్‌గ్రాడ్ నాయకులపై దమనకాండ మొదలయ్యాక ఆ పుస్తకాన్ని గ్రంథాలయాల నుండి తొలగించారు. మళ్ళీ అరెస్టు చేస్తారేమోనన్న భయంతో ఆమె దినచర్యలను దాచిపెట్టింది. రెండేళ్ళకే, 1951లో, మరొక కావ్యానికి ఆమెకు స్తాలిన్ బహుమతి లభించింది! ఈ విపరీతాల నడుమ నలిగిన ఆమె మద్యానికి లోనై అనేకసార్లు ఆసుపత్రి పాలైంది.

1953లో, భావకవితలో కవి 'నేను' అనే మాటకు చోటుండాలని వాదిస్తూ ఆమె వ్యాసం రాసింది. సామూహిక నినాదాల కాలంలో అది సాహసమే. ఆ వాదానికి నిదర్శనంగా 1959లో 'పగటి చుక్కలు' అనే స్మృతిగ్రంథం వెలువడింది. లోతైన బావి నీటిలో పట్టపగలు కూడా నక్షత్రాలు కనిపిస్తాయన్న చిన్ననాటి కథ నుండి ఆ పేరు పుట్టింది.

1960 మే 9న పిస్కర్యోవ్‌స్కయె స్మారక శ్మశానాన్ని ప్రారంభించారు. ముట్టడిలో మరణించినవారిలో దాదాపు అయిదు లక్షల మందిని అక్కడ సామూహిక సమాధులలో ఖననం చేశారు. అక్కడి రాతిగోడపై చెక్కినవి ఓల్గా పలుకులే. మరపునకు తావులేదని చాటే అందులోని ఒక చిన్న పంక్తి, కవి పేరు ఎరుగనివారి నోట కూడా నానుడిగా నిలిచింది.

ఆ మృతుల నడుమనే తననూ పూడ్చాలని ఆమె కోరింది. 1975 నవంబరు 13న ఆమె మరణించినప్పుడు అధికారులు ఆ కోరిక మన్నించలేదు. వోల్కవ శ్మశానంలో అంత్యక్రియలు జరిపారు. పత్రికలలో మరణవార్త అంత్యక్రియల నాటికి గాని రానందున, కడసారి చూపుకు నోచుకోని అభిమానులెందరో. దినచర్యలు ప్రభుత్వ భాండాగారంలో మూతపడ్డాయి. 1980వ దశాబ్ది చివరినుండి అవి కొద్దికొద్దిగా వెలుగుచూశాయి. శతజయంతి సంవత్సరమైన 2010లో పెద్ద సంపుటం వెలువడింది. రేడియోలో ఆమె చెప్పగలిగినదీ, చెప్పనివ్వనిదీ ఇప్పుడు పాఠకుడు పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. రెండుచోట్లా పలికేది ఒకే మనిషి.